పిడికెడు బియ్యము

దేవునిపై ఆధారపడుటయనునది ఆపదవేళ మాత్రమే అక్కరకు వచ్చు విద్యయని మనలో అనేకులు తలంతురు. వైద్యుడు పెదవి విరిచినప్పుడును, వ్యాజ్యము ప్రతికూలముగా తిరిగినప్పుడును, పెండ్లికెదిగిన పిల్లకు సంబంధము కుదరనప్పుడును, ఇక మన చేతిలో ఏమియు లేదు, అంతయు ప్రభువు చేతిలోనే యున్నదని నిట్టూర్చి మోకరించుట మన క్రైస్తవ గృహములలో సర్వసాధారణము. ఆ మోకరించుట నిజమైనదే; దానిని నేను తక్కువ చేయను. కాని తన చేతిలో ఏమియు లేనప్పుడు మాత్రమే దేవుని చేతిని వెదకువాడు, ఏదో కొంత ఉన్నంతకాలము దేనిపై ఆధారపడి జీవించుచుండెనను ప్రశ్న మిగిలియే యుండును. ఏడాదిలో ఆపద దినములు ఏ కొన్నియో. తక్కినవన్నియు పాలవాని లెక్కతోను, బడి జీతములతోను, రాత్రివేళ బిడ్డకు సోకిన కొద్దిపాటి జ్వరముతోను, ఇరుగుపొరుగువారితో వచ్చిన చిన్న మాటపట్టింపుతోను గడచిపోవు సామాన్య దినములు. విశ్వాసి జీవితమంతయు జరుగునది ఆ సామాన్య దినములలోనే గనుక, ఆధారపడుట నేర్చుకొనవలసినదియు అక్కడనేయని నా దృఢమైన అభిప్రాయము.

ప్రభువు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో, దేవుని నామమును రాజ్యమును చిత్తమును గూర్చిన మహావిషయములు ముగిసి, పాపక్షమాపణ ప్రస్తావన ఇంకను రాకమునుపు, ఆ రెండింటి నడుమ ఆహారమును గూర్చిన యొక చిన్న మనవి కలదు. ఆ మనవి కోరునది ఒక్క దినమునకు సరిపడు భోజనమే. ఏడాదికి సరిపడు పంటను గాని, కనీసము వారమునకు సరిపడు సంభారమును గాని అడుగుమని ఆయన చెప్పలేదు. ఆ మాటలను తొలుత చెవిని బెట్టిన గలిలయ జనులలో చేపలు పట్టువారును, ఉదయముననే సంతవీధిలో నిలువబడి యెవరైనను పనికి పిలుతురా యని యెదురుచూచు కూలీలును ఉండిరి. ద్రాక్షతోట యజమానుని ఉపమానములోని పనివారు సాయంకాలమున పొందినది ఒక్క దేనారము, అనగా ఒక దినపు కూలి. కూలివాని కూలి సూర్యాస్తమయమునకు ముందే చెల్లింపవలయునని ద్వితీయోపదేశకాండము శాసించుటకు కారణము గూడ ఇదియే: అతడు బీదవాడు, అతని ప్రాణమంతయు ఆ కూలిమీదనే నిలిచియుండును. అట్టివారి నోట ఆ మనవి అలంకారము కాదు. రాత్రి పొయ్యి వెలుగునా లేదా యను ప్రశ్నకు సంబంధించిన మాట.

మన తెలుగు సంఘముల పుట్టుకను తలంచినప్పుడెల్ల నాకు ఈ విషయమే మనసున మెదలుచుండును. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఒంగోలు, నెల్లూరు, గుంటూరు, కృష్ణా ప్రాంతములలోను, ఆ పిమ్మట నైజాము సీమలోని మెదకు, దోర్నకల్ ప్రాంతములలోను గుంపులు గుంపులుగా క్రీస్తును ఆశ్రయించినవారిలో అధికసంఖ్యాకులు మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను నివసించు కష్టజీవులు. ఏనాటి కూలి ఆనాడే, అదియు తరచుగా గింజల రూపమున, చేతికి వచ్చెడిది. కొంగున మూటగట్టుకొని వచ్చిన జొన్నలను దంచి వండుకొన్న పిమ్మట మరునాటికి మిగులునది తక్కువ. ముసురుపట్టి పని దొరకని దినమున పిల్లలు అర్ధాకలితో పరుండిరి. అట్టి యింట సాయంకాల ప్రార్థనలో ఆ మనవి వచ్చినప్పుడు దానికి బోధకుని వ్యాఖ్యానమేల? వారి మనుమలును మునిమనుమలును నేడు ఉపాధ్యాయులై, నర్సులై, రైల్వే ఉద్యోగులై, హైదరాబాదులోను అమెరికాలోను ఇంజనీర్లై జీవించుచున్నారు. ఈ మార్పు దేవుని కృపయే. దానిని గూర్చి స్తోత్రము చెల్లింపనివాడు కృతఘ్నుడు. అయినను నెల మొదటి తేదీన జీతము బ్యాంకులో పడువాడు, వంటయింట రెండు నెలల బియ్యము నిలువయున్నవాడు, అదే మనవిని అదే స్వరముతో పలుకునప్పుడు, తాతముత్తాతల నాలుకపై దానికుండిన బరువు కొంత తగ్గినదేమోయని తన్ను తాను విచారించుకొనవలదా?

లేమిలో దేవునిపై ఆధారపడుట కష్టమనియు, కలిమిలో సులభమనియు లోకము చెప్పును. నా చూపునకు ఇది తలక్రిందులుగా కనబడుచున్నది. లేమి తానే గురువై మనుష్యుని మెడలు వంచి నేర్పును. కలిమియందు నేర్పువారెవరును లేరు, తానే కోరి నేర్చుకొనవలయును. అపొస్తలుడైన పౌలు చెరసాలనుండి ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖలో, ఆకలిగొని యుండుటను మాత్రమే గాక కడుపునిండి యుండుటను గూడ తాను నేర్చుకొంటినని చెప్పుకొనెను. కడుపు నిండుటకు శిక్షణ ఎందుకని మొదట విన్నప్పుడు ఆశ్చర్యము కలుగును. సమృద్ధిలో పదిసంవత్సరములు గడపి, నా ఉద్యోగము, నా ఇల్లు, నా బీమా పత్రము అని లెక్కించుకొనుచు, దేవునికి ఆదివారపు ఉదయమును మాత్రము ప్రత్యేకించిన కుటుంబములను చూచినవారికి ఆ ఆశ్చర్యము నిలువదు.

నిర్గమకాండములోని మన్నా వృత్తాంతము ఈ శిక్షణకు మూలపాఠము. అరణ్యమున ప్రతి ఉదయమును మంచు విడిచిన నేలపై కనబడిన ఆ ఆహారమును తలకొక ఓమెరు చొప్పున కూర్చుకొనుమని ఆజ్ఞ. కొందరు రేపటికని దాచుకొనిరి. తెల్లవారునప్పటికి అది పురుగుపట్టి కంపుకొట్టినది. ఆరవ దినమున మాత్రము రెండంతలు కూర్చుకొనవలయును, విశ్రాంతిదినమునకై దాచినది చెడలేదు. దాచుట తనంతట తాను పాపమైనచో ఆరవ దినపు ఆజ్ఞకు అర్థముండదు. ఏడు సంవత్సరముల పంటను ఐగుప్తు ధాన్యపుకొట్లలో నింపించి రాబోవు కరువునుండి జనులను కాపాడిన యోసేపు దైవభక్తుడగుటకును వీలుండదు. కావున బ్యాంకు ఖాతా గలవాడు అవిశ్వాసియనియు, బియ్యపు డబ్బా ఖాళీగా నుండుటయే భక్తియనియు బోధించువారితో నేను ఏకీభవింపను. చెల్లింపవలసిన అప్పును చెల్లింపక, పిల్లల చదువును గూర్చి పట్టించుకొనక, దేవుడే చూచుకొనునని తిరుగువాడు ఆధారపడుచున్నది దేవునిపై కాదు, భార్య రెక్కల కష్టముపై. లూకా సువార్తలోని ధనవంతుడు తప్పు చేసినది కొట్లు కట్టుటలో కాదు. ఆ కొట్లను చూపి తన ప్రాణమునకు అభయమిచ్చుకొనుటలో. ఆ రాత్రియే అతని ప్రాణము అడుగబడెను.

అట్లయిన దాచుకొనుచునే దాచినదానిపై ఆనుకొనకుండుట ఎట్లు? ఈ ప్రశ్నకు గొప్ప వేదాంతులు చెప్పిన సమాధానములకంటె, దోర్నకల్ అధ్యక్ష ఖండములోని నిరక్షరాస్యులైన స్త్రీలు తమ వంటయింట చేసి చూపిన సమాధానము నాకు ఎక్కువగా నచ్చినది. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1912లో ఆంగ్లికన్ సంఘమున ప్రథమ భారతీయ బిషప్పుగా అభిషిక్తులై, దోర్నకల్ పీఠమును అధిష్ఠించిన నాటనుండి, పల్లె సంఘములు తమ బోధకుని తామే పోషించుకొనవలయుననియు, బీదలమను కారణమున ఇచ్చుటనుండి ఎవరును తప్పుకొనరాదనియు పట్టుదలతో బోధించిరి. చేతిలో కాసు లేనివారు ఏమి ఇయ్యగలరు? కోడి పెట్టిన గ్రుడ్డు, దొడ్డిలో కాచిన సొరకాయ, కోతపండుగనాడు తొలిపంటలోని చేటెడు ధాన్యము. వీటన్నింటికంటె నిత్యమైనది పిడికెడు బియ్యము.

నేను పల్లె పాదిరి బిడ్డను గనుక ఆ పిడికెడు బియ్యమును రెండు వైపులనుండియు ఎరుగుదును. ఇచ్చువారి వైపు అది ఇట్లుండెడిది. ఎసరు పెట్టిన పిమ్మట ఇల్లాలు బియ్యము కొలిచి చేటలో పోసి, రాళ్లును వడ్లును ఏరి, కడుగుటకు ముందు కుడిచేత ఒక పిడికిలి తీసి, పొయ్యి ప్రక్క గూటిలోనున్న చిన్న మట్టిముంతలో వేసెడిది. ఆ వేయుటకు ముందు కన్నులు మూసికొని పెదవులు కదలించుట కొందరికి అలవాటు. మరికొందరు కూనిరాగము తీయుచునే వేసెడివారు. ఆదివారమున ఆ ముంతను కొంగు చాటున పట్టుకొని గుడికి వచ్చి, కానుకల వేళ ముందుకు నడచి, బల్లయెదుటనున్న గంపలో కుమ్మరించెడివారు. అందరి ముంతలును కుమ్మరింపబడిన పిమ్మట గంపలోని బియ్యము ఒక్క రంగున ఉండెడివి కావు. తెల్లనివి, ఎఱ్ఱనివి, ముక్కముక్కలైన నూకలు, అన్నియు కలసి యుండెడివి.

ఒకప్పుడు పనులు మందగించిన వేసవిలో ఒక ముసలమ్మ మా అమ్మ ప్రక్కకు వచ్చి, "ఈ వారం ముంత వెలితండీ అమ్మగారూ, నాలుగు రోజులు పన్లేదు" అని తల వంచుకొన్నది. "అయితే ఈ వారానికి మానకపోయావా తల్లీ?" అని అమ్మ అడిగినది. "మానితే ఎట్టా అండీ? మేం తిన్న రోజు తీశాం గదా" అని ఆమె సమాధానము. అంతకుమించి ఆమె ఏమియు చెప్పలేదు, గంపవైపు సాగిపోయినది.

ఆ మాటలో ఎంత వేదాంతము ఇమిడియున్నదో నాకు పెద్దయిన పిమ్మట గాని బోధపడలేదు. తిన్న దినమున తీసినది. తినని దినమున తీయలేదు, తీయనందుకు దేవునికి బాకీపడినట్లు భావింపలేదు. ఆ పిడికిలి ఎన్నడును వండిన అన్నములో మిగిలినది కాదు. అందరును తిన్న పిమ్మట గిన్నె అడుగున మిగిలినదానిని ఇచ్చుటకు జాలి చాలును. బియ్యము ఇంకను చేటలో ఉండగా, ఇవి ఇంటిల్లిపాదికి సరిపోవునో లేదో తేలకమునుపే, మొదటి పిడికిలి తీసి ప్రక్కన పెట్టుటకు విశ్వాసము కావలయును. పూటపూటకు జరుగు పని గనుక అది మనసును పూటపూటకు దిద్దును. ఏడాదికొకసారి పెద్ద మొత్తమును చెక్కు వ్రాసి యిచ్చువారి దాతృత్వమును నేను నిరసింపను గాని, ఆ ఒక్క సంతకము మూడు వందల ఉదయములకు చేయవలసిన పనిని చేయజాలదని మాత్రము చెప్పగలను.

ఇక పుచ్చుకొనువారి వైపు. ఆ గంపలోని బియ్యములో కొంత వేలముబడి సంఘనిధికి చేరెడిది, కొంత బోధకుని యింటికి వచ్చెడిది. పలు యిండ్ల బియ్యము ఒకే గిన్నెలో ఉడికినప్పుడు కొత్తబియ్యము జావయై పోవును, పాతబియ్యము పలుకుగానే యుండును. మా అమ్మ వాటిని ముందుగా నానవేసి, సన్నని సెగపై ఓపికతో వండెడిది. అయినను ముద్ద నోట బెట్టుకొన్నప్పుడు పంటిక్రింద ఏదో ఒక పలుకు తగులుచునే యుండెడిది. ఆ పలుకు ఎవరి యింటిదో మాకు తెలియదు. మమ్ము దేవుడు పోషించుచున్నాడని నాన్నగారు భోజనమునకు ముందు ప్రార్థించునప్పుడు, ఆ పోషణ పల్లెలోని యే స్త్రీ పిడికిలిగుండా ఆ దినమున మా కంచములోనికి వచ్చినదో ఆయనకును తెలియదు. తెలియకుండుటయే మంచిది, తెలిసినచో ఆయన ఒక యింటికి ఋణపడి, ఆ యింటివారి తప్పును ప్రసంగపీఠమునుండి ఖండించుటకు జంకియుండెడివారేమో.

దేవునిపై మాత్రమే ఆధారపడుదును, మనుష్యుల సహాయము నాకక్కరలేదని గర్వముగా చెప్పువారిని నేను చూచితిని. వారి మాటలలో భక్తికంటె అహంకారమే అధికముగా వినబడును. దేవుడు ఆకాశమునుండి కుండలో బియ్యము కురిపించుట అరుదు; ఆయన సాధారణముగా పొరుగువాని చేతిని కదలించును. కరువుకాలమున ఏలీయాకు మొదట కాకులచేత ఆహారము పంపిన దేవుడు, వాగు ఎండిపోయిన పిమ్మట సారెపతునకు పొమ్మనెను. ఆ యూరు ఇశ్రాయేలు దేశమునకు వెలుపల సీదోనుకు చేరినది. అచ్చట ఆయనను పోషింపవలసినది ధనికుడు కాదు, తొట్టిలో పిడికెడు పిండియు బుడ్డిలో కొంచెము నూనెయు మిగిలి, అదియు తిని కుమారునితో కూడ చచ్చిపోదుమని పుల్లలు ఏరుకొనుచున్న విధవరాలు. అంతటి ప్రవక్త పరదేశపు బీదరాలియొద్ద చేయి చాపవలసి వచ్చెను. ఇచ్చుటకంటె పుచ్చుకొనుటకే ఎక్కువ వినయము కావలయునని ఆ వృత్తాంతము చదివినప్పుడెల్ల నాకు తోచును.

ఈ సందర్భమున మన గోదావరి తీరమునకు సంబంధించిన యొక చరిత్రను చెప్పక తప్పదు. ఇంగ్లండులోని ఎక్సిటరు పట్టణమున దంతవైద్యుడై బాగుగా సంపాదించుచుండిన ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ అను ఆయన, తన ఆస్తిని విడిచి 1829లో బాగ్దాదుకు సువార్తికుడై వెళ్లెను. ఏ సంఘమునుండియు జీతము పుచ్చుకొనక దేవునిపైననే ఆధారపడవలయునని ఆయన నియమము. ఆయన సోదరి మేరీని 1830లో వివాహమాడిన జార్జి ముల్లరు, తాను బోధించు గుడిలో కూర్చుండు బల్లలకు జనులు చెల్లించు అద్దెనుండి తనకు వచ్చుచుండిన జీతమును అదే సంవత్సరము మానుకొనెను. ఆ ముల్లరే 1836 ఏప్రిలులో బ్రిస్టలు నగరపు విల్సన్ వీధిలో అనాథబాలికల గృహమును తెరచెను. అదే 1836లో గ్రోవ్స్ వెంట ఇంగ్లండునుండి మన దేశమునకు వచ్చిన విలియం బౌడన్, జార్జి బీర్ అను ఇరువురును సకుటుంబముగా నర్సాపురము చేరిరి. ఒకరు రాతిపని చేయువారు, మరియొకరు చెప్పులు కుట్టువారు. ఇరువురికిని నెలజీతపు హామీ లేదు. ఓడలపై ఉత్తరములు నెలల తరబడి ప్రయాణము చేయు ఆ దినములలో, ఇంగ్లండునుండి సహాయము వచ్చునో రాదో ఎదురుచూచుచు, తెలుగు నేర్చుకొని, ఎండలో పల్లెపల్లెకు నడచిరి. ఆ నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములలో వారు నాటిన సంఘములు నేటికిని నిలిచియున్నవి.

ముల్లరు చరిత్రను మన ప్రసంగకర్తలు తరచుగా అద్భుతముల పరంపరగా మాత్రమే చెప్పుదురు. ఆయన తన అవసరములను మనుష్యులను అడుగక దేవునికే విన్నవించుకొనెననుట సత్యము. ఆష్లీ డౌన్ అను గుట్టపై 1849 నుండి ఒకదాని పిమ్మట ఒకటిగా అయిదు విశాల భవనములు లేచి, రెండువేలమందికి పైగా పిల్లలకు ఆశ్రయమిచ్చుటయు సత్యము. అయితే నన్ను ఎక్కువగా కదలించునది ఆయన లెక్కల పుస్తకము. పెన్నీ వచ్చినను పౌను వచ్చినను వ్రాసి, ఇచ్చినవారికి రసీదు పంపి, ఏటేట ఆదాయవ్యయములను అచ్చువేయించెను. అప్పు చేయనని పట్టుబట్టెను. మరునాటి ఉదయమునకు పాలకు డబ్బులేని రాత్రులలో ఆయన ప్రార్థించిన మాట నిజమే గాని, ఆ రాత్రియు లెక్క సరిచూచుకొనియే ప్రార్థించెను. అంతయు దేవునికే వదలితినని చెప్పి సంఘపు డబ్బునకు లెక్క చూపని పెద్దలు ఈ భాగమును ముందుగా చదువవలయును.

శ్రీవైష్ణవులలో మర్కటకిశోర న్యాయము, మార్జాలకిశోర న్యాయము అని రెండు పక్షములు కలవు. కోతిపిల్ల తానే తల్లిని కరచుకొని యుండవలయును. పిల్లిపిల్లను తల్లియే నోటకరచుకొని పోవును. భక్తుడు ఏ పిల్లవంటివాడని వాదము. క్రైస్తవులమైన మనకును ఈ వాదము క్రొత్తది కాదు. రక్షణ విషయమున నేను నిస్సంశయముగా పిల్లిపిల్ల పక్షమువాడను. ఆయన పట్టుకొన్నాడు గనుకనే మనము నిలిచితిమి. అయితే దినదినజీవితమున చేతులు ముడుచుకొని కూర్చుండుటకు ఆ పక్షము ఆధారమిచ్చునా? దీనికి ఒంగోలు చరిత్రలో సమాధానమున్నది. 1876లో ధాత కరువు మొదలై రెండేండ్లు దక్షిణదేశమును పీడించినప్పుడు, ఒంగోలున నుండిన బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌగు ఆకలిగొన్న జనులకొరకు ప్రార్థించి ఊరకుండలేదు. ఆయన పూర్వాశ్రమమున అమెరికాలో భూమి కొలతల పని నేర్చినవాడు. బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమునకు గుత్త పుచ్చుకొని, వేలకొలది జనులకు పలుగు, పార, తట్ట చేతికిచ్చి, కూలి యిప్పించెను. అన్నము కొరకే మతము మార్చుకొనిరను నింద రాకుండుటకై కరువు తీరువరకు బాప్తిస్మములను ఆపియుంచెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. చరిత్ర పుస్తకములు ఆ సంఖ్యనే పెద్దక్షరములతో వ్రాయును. నాకైతే, దినమంతయు మట్టి మోసి, సాయంకాలమున పుచ్చుకొన్న కూలితో గింజలు కొని, ఆ గింజలు దేవుడిచ్చినవని నమ్మి వండుకొన్న ఆ స్త్రీపురుషులే ఈ విషయమున ఆచార్యులు.

ఇంతవరకు చదివిన పాఠకునకు ఒక సందేహము కలుగక మానదు. ధాత కరువులో లక్షలకొలది జనులు చనిపోయిరి. వారిలో ప్రార్థించినవారు లేరా? ఆ దినపు ఆహారమును అడిగియు పొందనివారు లేరా? ఉండిరి. దీనికి నాయొద్ద చక్కని సమాధానము లేదు. ఉన్నదని చెప్పువారిని నేను నమ్మను. గ్రోవ్స్ చరిత్రనే చూడుడు: బాగ్దాదున 1831లో ప్లేగు వచ్చి ఆయన భార్యను తీసికొనిపోయెను. ఆయన విశ్వాసము ఆమె ప్రాణమును కొనలేదు. అయినను ఆయన దేవుని విడువలేదు. విడువక మన దేశమునకు వచ్చెను. ఆధారపడుట యనునది కోరినది పొందు ఉపాయమని బోధించువారు ఈ సమాధుల యెదుట ఏమి చెప్పగలరు? ముల్లు తీసివేయుమని పౌలు ముమ్మారు వేడుకొనెను. ముల్లు తీయబడలేదు, భరించుటకు కృప మాత్రము ఇయ్యబడెను. కోరిన వస్తువు రాని దినమునను ఇచ్చువానిని విడువకుండుటయే విశ్వాసమునకు కడపటి పరీక్ష. దానిలో ఉత్తీర్ణులైనవారు బిగ్గరగా సాక్ష్యము చెప్పగా నేను విని యెరుగను, వారు సాధారణముగా మౌనముగానే యుందురు.

మా నాన్నగారు చివరి దినములలో పక్షవాతమున మంచము పట్టిరి. ఎన్నో యిండ్ల పడకలయొద్ద మోకరించినవారు, రాత్రియనక పగలనక పిలిచినచోటికి సైకిలుపై వెళ్లినవారు, తన బట్టలు తానే ఉతుకుకొనినవారు. మొదటి దినములలో నేను జావ చెంచాతో నోటియొద్దకు తీసికొనిపోగా, ఆయన పనిచేయుచున్న ఎడమచేయి పైకిలేచి చెంచాను లాగికొనజూచెడిది. జావ సగము గడ్డముపై ఒలికెడిది. ముఖము ప్రక్కకు త్రిప్పుకొనెడివారు. వారములు గడచినకొలది ఆ చేయి లేచుట మానినది. ఒకనాటి ఉదయమున నేను చెంచా ఎత్తకమునుపే ఆయన నోరు తెరచి, నావైపు చూచి, కన్నులతో నవ్విరి. జీవితమంతయు ఇతరులకు బోధించిన పాఠములో ఆయనకు మిగిలియుండిన భాగము అదియేమోయని నాకనిపించినది. దేహము గలవారికెల్లరకును ఆ దినము వచ్చును. అంతవరకు ఎవరి చేతినుండియు ఏమియు పుచ్చుకొననివానికి ఆ దినము దుర్భరమగును. దినదినము కొంచెము కొంచెముగా పుచ్చుకొన నేర్చినవానికి అది పరిచితమైన పనియే.

నేర్చుకొనుట ఎక్కడ మొదలుపెట్టవలెనని అడుగువారికి నేను పెద్ద వ్రతములను చెప్పను. ఉదయమున మోకరించినప్పుడు ఆ దినమునకు కావలసినవాటిని పేరుపేరున, సిగ్గుపడక, దేవుని యెదుట చెప్పవలయును: ఆఫీసులో మాటలాడవలసిన కఠినమైన మాటకు కావలసిన శాంతము, మందు దుకాణములో చెల్లింపవలసిన మొత్తము, కోపము తెప్పించు బంధువును భరించుటకు కావలసిన ఓర్పు. రేపటి విషయములు గుర్తుకు వచ్చినచో వాటిని రేపటి ప్రార్థనకే విడువవలయును. ఇది వినుటకు సులభము, చేయుటకు మిక్కిలి కష్టము. పిమ్మట లేచి పనిచేయవలయును. రాత్రి, ఆ దినమున ఏయే చేతులగుండా ఏమేమి వచ్చినదో జ్ఞాపకము చేసికొనవలయును. వచ్చినవాటికి స్తోత్రము చెల్లించి, రానివాటిని గూర్చి దేవునితో నిజము చెప్పవలయును. కీర్తనలలో అనేకములు ఫిర్యాదులే గనుక ఆయన దానికి కోపపడడు.

చివరిగా ఒక మనవి. బిషప్ అజరయ్యగారి కాలము గడచి చాలాకాలమైనది. నగరపు గుడులలో ముంతలు పోయి యు.పి.ఐ. పలకలు వచ్చినవి. పల్లెలలో మాత్రము సంఘము ఇచ్చుదానిపైననే సంసారము గడుపుకొనుచున్న బోధకులు నేటికిని అనేకులు కలరు. వారు అడుగరు, అడుగుట వారికి రాదు. మీరు పుట్టిన పల్లెలో ఇప్పుడున్న అయ్యగారి పేరు తెలిసికొని, ఆయన యింట ఈ వారము బియ్యమున్నవో లేదో ఎవరినైనను అడిగి కనుగొనుడు. లేనిచో, మీ యింట ఈ రాత్రి ఎసరు పెట్టకమునుపే పంపుడు.